వస పోయాల్సింది ఎవరు

జూన్ 9, ఆదివారం

నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో సగం మర్చిపోయాను. తరిగొప్పుల బడిలో ఏడో తరగతి వరకే చదివాను, ఆ తర్వాత రాయాల్సిన పని పడలేదు. తప్పులకు ఎవరినైనా క్షమించమని అడగాలి కదా. చదివేది నేనే కాబట్టి నన్నే అడుగుతున్నాను.

ఈ నోట్‌బుక్ తేజు చింపగా మిగిలింది. బొమ్మలు గీస్తుందని కొన్నాం. గీయలేదు, చింపింది.

తేజస్వినికి వచ్చే నెల మూడేళ్ళు నిండుతాయి. ఇంకా ఒక్క మాట రాలేదు. అమ్మ అని కూడా అనదు. ఏదైనా కావాలంటే నా వేలు పట్టుకుని లాక్కుపోయి దాని ముందు నిలబెడుతుంది. నేను తీసి ఇస్తాను. అంతే మా ఇద్దరి సంభాషణ.

పొద్దున పక్కింటామె వచ్చి, "ఏం సులోచనక్కా, మనుమరాలు ఇంకా మాట్లాడ్తలేదా?" అని అడిగింది. అత్తమ్మ నా వైపు చూస్తూ ఆమెకు జవాబు చెప్పింది.

"ఎట్ల మాట్లాడ్తది? కాన్పు వాళ్ళింట్లనే అయింది. వస పొయ్యాల్సింది వాళ్ళమ్మ. పొయ్యలే. పోరికి నాలుక తిరుగుతలేదు."

మా అమ్మ చెప్పేది వేరు. "మొదటి చుక్క మీ అత్తనే పెట్టాలె బిడ్డా. మేం పెడితే ఆమె ఊకుంటదా?" అని వసకొమ్మును సాన పక్కనే పెట్టి ఇరవై ఒకటో రోజు దాకా ఎదురుచూసింది. తొట్టెల నాడు అత్తమ్మ రేగొండ నుంచి వచ్చింది. వీళ్ళు పోసే ఉంటారని ఆమె అడగలేదు. ఆమే పోస్తుందని అమ్మ అనలేదు. ఎవరూ పోయలేదు. నేను మంచంలో ఉండి అంతా చూస్తూనే ఉన్నాను. బాలింతను, నన్నెవరు అడిగారు?

నా తప్పేం లేదు.

జూన్ 11

రాయడానికి ఏమీ లేదు. నా తప్పేం లేదు.

జూన్ 16, ఆదివారం

ఆయనకు సెలవు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టులో టిప్పర్ నడుపుతారు. వారానికి ఒక పగలు ఇంట్లో ఉంటే అందులో సగం నిద్రే. ఇవాళ లేచి టీ తాగుతూ, "గట్ల మొకం పెట్టుకుంటే నాకు సమజ్ గాదు కరుణా. ఏం గావాల్నో నోటితోని చెప్పు. నేను టిప్పర్ డ్రైవర్‌ను, సోది చెప్పేటోణ్ణి గాదు" అన్నారు.

ఏం చెప్పాలి? చెబితే ఎవరు వింటారు? నన్ను బడి మాన్పించారు. మూడు బస్సులు మారితే తప్ప పుట్టిల్లు కనపడనంత దూరం ఇచ్చారు. పెళ్ళయిన వారానికి చుట్టాలంతా భోజనాల దగ్గర ఉన్నప్పుడు ఎవరో ఏదో అంటే నేను పకపకా నవ్వాను. అత్తమ్మ అందరి ముందూ అన్నది: "కోడలి గొంతు వాకిలి దాటొద్దు."

దాటలేదు. నాలుగేళ్ళయింది. ఇప్పుడు అదే మనిషి పిల్లకు మాట రాలేదని నన్ను అంటుంది.

తేజు చేతికి ఫోన్ ఇస్తే రోజంతా బొమ్మలు చూస్తుంది. అత్తమ్మే అలవాటు చేసింది.

జూన్ 23, ఆదివారం

తొర్రూరు పోయి వచ్చాం. లతక్క బిడ్డ శ్రేయకు చెవులు కుట్టించారు. శ్రేయ తేజు కంటే ఆరు నెలలు చిన్నది. కుట్టేటప్పుడు ఆ పిల్ల, "వద్దు తాతా, నీకు దండం వెడ్త, మా అమ్మకు కుట్టు" అన్నది. ఇల్లంతా నవ్వింది. తేజు నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. నేను నవ్వలేకపోయాను.

వంటింట్లో అక్క ముందు ఏడ్చాను. నన్ను బడి మాన్పించిండ్రు, దూరం పారేసిండ్రు, ఇప్పుడు పిల్ల మూగదైతే అదీ నా మీదికే వస్తుంది అన్నాను.

అక్క పూరీలు తీస్తూనే ఉంది. "ఎవలు మాన్పించిండ్రే నిన్ను?"

"బాపు."

"బాపు సైకిల్ మీద కూసోవెడితే దుంకి ఉరికొస్తివి. నాయినమ్మను ఇడ్సి పోనని. బాపు రెండు సరిసిండు గూడ."

"అట్ల గాదు."

"అట్లనే. ఎన్క కూసున్నది నేను. నీకు యాదికి లేకుంటే నాకు లేదా? ఇంకోటి. మూగ మొకంది లెక్క గిట్ల ఎప్పటి సంది అయినవే? తరిగొప్పుల్ల నీ నోటికి జడిసి కోమటాయన మిఠాయి కొసరేస్తుండె."

బస్సులో వరంగల్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అక్క అబద్ధం చెబుతోంది. చిన్నప్పటి నుంచి దానికి నేనంటే కుళ్ళు.

జూన్ 24

శ్రేయ మాటలే చెవుల్లో ఉన్నాయి. మా అమ్మకు కుట్టు.

జూలై 3, బుధవారం

భూపాలపల్లి దవాఖానలో పిల్లల మేడం దగ్గరికి పోయాం. అంగన్‌వాడీ టీచర్ రాసిచ్చింది. అత్తమ్మ కూలి మానుకుని వెంట వచ్చింది. మేడం పేరు అరుంధతి. తేజును అటు తిప్పి కూర్చోబెట్టి వెనకనుంచి గిలక్కాయ ఊపింది, గుసగుసగా పిలిచింది. తర్వాత చెవులకు మిషన్ పెట్టి చూశారు.

"చెవులు మంచిగున్నయ్" అన్నది మేడం.

"వస పొయ్యలే మేడం వీళ్ళమ్మోళ్ళు" అన్నది అత్తమ్మ.

"వసతోని మాటలు రావవ్వా. ఇప్పుడు పొయ్యకుండ్రి గూడ, పిల్ల కడుపు కరాబైతది. ఇంట్ల పాపతోని ఎవరెక్కువ మాట్లాడ్తరు?"

"ఎవలు మాట్లాడ్తరు మేడం? వాళ్ళ నాయిన డ్యూటీల ఉంటడు. నేను పొద్దుగాల కూలికి వోత. ఈమెకు నోరు లేదు. పోరి ఫోన్ వట్టుకోని ఉంటది."

"నేను అమ్మను అడుగుతున్న."

నేను తల వంచుకుని కొంగు అంచు చుట్టుకుంటున్నాను. ఎవరో ఒకరు నా బదులు చెప్పేదాకా అలా నిలబడటం నాకు అలవాటు. మేడం మాట్లాడకపోయేసరికి తలెత్తి చూశాను. ఆమె తేజును చూస్తోంది. తేజు నా పక్కన అచ్చం నాలాగే తల వంచుకుని, నా కొంగు రెండో అంచును వేలికి చుట్టుకుంటోంది.

మేడం ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, కోపమైనా తెచ్చుకునేదాన్ని.

"చూడమ్మా, తప్పు ఎవరిదని నేను అడుగుతలేను. కొందరు పిల్లలకు ఊరికెనే ఆలస్యమైతది. తప్పు దేవులాడుకుంట కూసుంటే ఏడాది గడుస్తది, గంతే. రేపటి సంది ఎవరు ఏం జేస్తరో గది చెప్పుండ్రి."

ఏం మాట్లాడాలి అని అడిగాను. ఆమెకు వినపడలేదు, మళ్ళీ అడగమన్నది.

"ఏం జేస్తే గదే చెప్పు. నీళ్ళు తోడితే నీళ్ళు తోడుతున్న అను. కుక్క వోతే కుక్క వోతుంది అను. అను అను అని పిల్లను ఒత్తకు. నువ్వు చెప్పుకుంటా వో. ఫోన్ బందు. ఆరు వారాలకు మళ్ళ తీస్కరా. అప్పటికీ మార్పు లేకుంటే వరంగల్‌కు రాసిస్త, ఇంకేమన్న ఉన్నదేమో చూస్తరు."

వచ్చేటప్పుడు బస్సులో అత్తమ్మ, "దీనికోసం కూలి పోయె" అన్నది.

జూలై 4

తలుపు వేసుకుని తేజు ముందు కూర్చున్నాను. మాట రాలేదు. తేజుకు కాదు, నాకు.

జూలై 8

నిన్న రాత్రి వాన పడింది. పొద్దున వాకిట్లో మట్టి వాసన. దర్వాజలో కూర్చుని బియ్యం చెరుగుతుంటే నాయినమ్మ గుర్తుకు వచ్చింది. ఎందుకో చెప్పలేను. బహుశా చాట చప్పుడుకు.

నాయినమ్మ పేరు బాలనర్సమ్మ. నాకు పదేళ్ళు వచ్చేసరికి ఆమెకు రెండు కళ్ళూ పోయాయి. దర్వాజ గద్దె మీద కూర్చునేది. పక్కన నేను. తరిగొప్పుల వీధిలో ఏం జరిగినా నేను చెప్పాలి.

"ఎవలు వోతున్నరు బిడ్డా?"

"మోకు భుజాన ఏసుకోని గౌడాయన."

"ఎటు మొగాన?"

"తాటిచెట్ల దిక్కు."

"కుండలు నిండుగున్నయా?"

"పోయేటప్పుడు నిండుగ ఎట్లుంటయ్ నాయినమ్మా?"

"హా, గట్ల జూడాలె" అని నా వీపు నిమిరేది. తప్పు ప్రశ్న వేసి నన్ను పట్టుకోవాలని చూసేది. నేను పట్టుబడేదాన్ని కాదు. ఎవరి చీర ఏ రంగు, ఎవరి బర్రె కుంటుతోంది, గుట్ట మీద మబ్బు నల్లగా ఉందా తెల్లగా ఉందా, అన్నీ చెప్పేదాన్ని. సీతాఫలాలు వచ్చినప్పుడు గంప ముందు పెట్టుకుని ఒక్కోటి తడిమి చూసేది. "దీనికి కండ్లు దెరుచుకున్నయే. నాయి మూసుకున్నయ్" అని నవ్వేది. కళ్ళు విచ్చిన పండు నా చేతిలో పెట్టి, "ఎట్లున్నదో చెప్పుకుంట తిను" అనేది. గింజ గింజకూ చెప్పుకుంటూ తినేదాన్ని. ఇన్నేళ్ళలో అంత తియ్యటి పండు మళ్ళీ తినలేదు.

దారిన పోయేవాళ్ళు, "బాలనర్సమ్మ రేడియో పెట్టింది రోయ్" అని పోయేవాళ్ళు. నా గొంతు మూడో ఇంటి దాకా వినపడేది.

ఆ రేడియో నేనేనా?

జూలై 8, మళ్ళీ

అన్నం తిని వచ్చి మళ్ళీ రాస్తున్నాను.

సైకిల్ మీద నుంచి దూకిన మాట నిజం. ఎనిమిదో తరగతికి పక్క ఊరి బడి. బాపు ముందు నన్ను, వెనక అక్కను కూర్చోబెట్టుకున్నాడు. మూల తిరిగేదాకా నాయినమ్మ గద్దె మీద చెవి ఇటు పెట్టి కూర్చుంది. చెప్పేవాళ్ళు లేక ఆమె ముఖం ఖాళీగా ఉంది. దూకాను. మోకాలు చీరుకుపోయింది. బాపు కొట్టాడు. పరుగెత్తి వచ్చి, "నాయినమ్మా, నేనే, నెత్తురు కారుతుంది" అని చెప్పాను. "ఏ మోకాలు?" అని అడిగింది.

ఎవరూ మాన్పించలేదు. ఆ రోజుల్లో నాకు దానికంటే ఇష్టమైన పని లేదు. ఆమె పోయే దాకా ఆ పనే చేశాను.

అక్కకు నేనంటే కుళ్ళేమీ లేదు. అది కూడా రాసి పెట్టుకోవాలి.

జూలై 9

మొదలుపెట్టాను. "తేజూ, ఇగో చీపురు తీసిన. ఇగో ఊడుస్తున్న. అబ్బ, చీమలు. ఎన్ని చీమలో. ఉరుకుతున్నయ్." నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది. తేజు ఒకసారి చూసి ఫోన్ కోసం గూటి దగ్గరికి పోయింది. ఫోన్ బియ్యం డబ్బాలో దాచాను. నేల మీద పడి కొట్టుకుంది. గిన్నె విసిరింది. మధ్యాహ్నానికి నాకూ ఏడుపు వచ్చింది.

ఫోన్ అలవాటు చేసింది అత్తమ్మ అని ముందు రాశాను. ఇచ్చింది నేను. ఒంటరిగా కూర్చుని బాధపడటానికి అడ్డు రాకుండా ఉంటుందని.

జూలై 12

చీమలు, గిన్నెలు, బట్టలు, సబ్బు, వాన, కోడి, కోడిపిల్లలు. సాయంత్రానికి నోరు నొప్పి పెట్టింది. తేజు ఏమీ అనలేదు.

జూలై 14

కోడి అన్నప్పుడు కోడి వైపు చూసింది. అనుకోకుండా చూసిందేమో.

జూలై 21, ఆదివారం

ఇవాళ జరిగింది పూర్తిగా రాయాలి.

వాకిట్లో బట్టలు ఆరేస్తూ తేజుకు చెబుతున్నాను, ఇది నాయిన లుంగీ, ఇది నీ గౌను, ఇది చినిగింది అని. ఎదురింటామె గోడ మీది నుంచి తొంగి చూసింది. "ఏం సులోచనక్కా, మీ కోడలికి మాటలొచ్చినయ్!"

"పిల్లకు రమ్మంటే తల్లికొచ్చినయ్" అన్నది అత్తమ్మ. ఇద్దరూ నవ్వారు.

లోపలికి వచ్చాక అత్తమ్మ గొంతు తగ్గించి, "ఏందే గంత గట్టిగ? బజార్ల ఉన్నోళ్ళందరికి ఇనవడ్తుంది" అన్నది.

నా చేతిలో తడి బట్ట ఉంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. "ఇనవడని అత్తమ్మా" అన్నాను.

ఆమె పుంటికూర తెంపుతూ ఆగింది.

ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి అంతా ఒక్కసారే అన్నాను. "నువ్వు గూడ మాట్లాడాలె. దాన్ని పక్కన కూసోవెట్టుకోని ఏం జేస్తే గది చెప్పాలె. అది మెలకువున్నంత సేపు టీవీ బందు వెట్టాలె. నా ఒక్కదానితోని కాదు."

"నాలుగేండ్లు బెల్లం కొట్టిన రాయి లెక్క కూసున్నవు. ఇయ్యాల నాకు జెప్తున్నవా?"

"నువ్వే అంటివి గద, కోడలి గొంతు వాకిలి దాటొద్దని."

"ఎప్పుడన్న?"

"పెండ్లయిన వారానికి. చుట్టాలున్నరు. నేను నవ్విన."

నిజంగానే ఆలోచించింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. బుకాయింపు ఏమీ కనపడలేదు. "అన్ననేమో. నాకు యాదికి లేదు. నేను పొద్దున లేస్తే పది మాటలంట. నువ్వొక్కటి తిరిగి అనకపోతివి?"

అంతే. మళ్ళీ పుంటికూర తెంపుకుంది.

నాలుగేళ్ళు నేను దాచుకున్న మాటను ఆమె ఆ సాయంత్రం దాకా కూడా ఉంచుకోలేదు. అనకుండా ఉండాల్సింది, అది నిజమే. ఆ రోజు నాకు పుట్టెడు దుఃఖం వచ్చింది, అదీ నిజమే. కానీ ఆ తర్వాత రోజు నుంచి నోరు కట్టేసుకున్నది నేను. నేను మాట్లాడకపోతే ఆమెకు తెలిసి వస్తుందని అనుకున్నాను. ఆమెకేం తెలిసి రాలేదు. అలిగింది నేను, పస్తు ఉన్నది తేజు.

సాయంత్రం పొయ్యి దగ్గర ఉంటే వెనక వసారాలో అత్తమ్మ గొంతు వినపడింది. "ఇగో పోరీ, ఇది పుంటికూర. ఇది ఆకు. ఇది కాడ. మీ అమ్మకు ఏరరాదు, కాడలన్ని కూరలనే ఏస్తది. గది గూడ నేర్చుకో." నవ్వు ఆపుకోలేకపోయాను. పెద్దగానే వచ్చింది. అత్తమ్మ, "ఇంటున్నవా దొంగముండా" అన్నది. ఆమె గొంతులో కూడా నవ్వు ఉంది.

జూలై 26

తేజుకు మూడేళ్ళు. ఆయన డ్యూటీలో నుంచి ఫోన్ చేసి నా ఫోన్ తేజు చెవి దగ్గర పెట్టమన్నారు. "తేజూ, నాయిన టిప్పర్ ఎక్కిండు. బొగ్గు నింపుతున్నరు. నల్లగున్నది. దుమ్ము. హారన్ కొడుతున్న, ఇను." ఆయన కూడా నేర్చుకున్నారు. నోటితో చెప్పాను మరి.

ఆగస్టు 4, ఆదివారం

చాట తెమ్మంటే తెస్తోంది. చెంబు ఏదంటే చూపిస్తోంది. నేను చెబుతుంటే నా పెదవులే చూస్తోంది. మాట మాత్రం రాలేదు. ఇంక పది రోజులే. వరంగల్‌కు రాసిస్తారేమో. అక్కడ ఏం తేలుతుందో.

నా తప్పేం లేదు అని రాయబోయాను. ఆ మాటతో ఏం పని? రేపు పొద్దున నీళ్ళు తోడాలి, తోడుతూ చెప్పాలి. ఒకవేళ దీనికి ఎప్పటికీ మాట రాకపోయినా చెప్పాలి. నాయినమ్మకు కళ్ళు వస్తాయని చెప్పలేదు కదా నేను.

ఆగస్టు 14, బుధవారం

తొందర తొందరగా రాస్తున్నాను, అక్షరాలు ఇంకా అధ్వానంగా ఉన్నాయి.

అత్తమ్మకు నాట్ల కూలి, మానితే గుంపులో నుంచి తీసేస్తారు. "నువ్వు వోగలవా?" అని అడిగింది. పోతాను అన్నాను. పెళ్ళయ్యాక ఒక్కదాన్నే బస్సు ఎక్కడం ఇదే. ఆడవాళ్ళ ఉచిత టికెట్టుకు ఆధార్ కార్డు జాకెట్లో పెట్టుకుని తేజును చంకనెత్తుకుని రేగొండ స్టాపులో నిలబడ్డాను. హనుమకొండ నుంచి బస్సు వచ్చింది. అంతా ఆడవాళ్ళే, మెట్ల మీద కూడా నిలబడ్డారు. డ్రైవర్ చేయి ఊపి ముందుకు పోనిచ్చాడు. నాతో నిలబడ్డ వాళ్ళు తిట్టుకుంటూ మళ్ళీ చెట్టు నీడకు పోయారు.

మేడం పదకొండు గంటల దాకే ఉంటుంది. ఇంకో బస్సు ఎప్పుడో తెలియదు.

చెప్పు తెగింది, అక్కడే వదిలేశాను. "ఆపు! అన్నా, ఆపు! దవాఖానకు వోవాలె! ఆపు!" అని అరుస్తూ పరుగెత్తాను. బస్సు పక్క రేకు మీద చేత్తో కొట్టాను. మెయిన్ రోడ్డు మీద, అందరూ చూస్తుండగా. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. హోటల్లో టీ తాగేవాళ్ళు బయటికి వచ్చారు. "ఆపుమంటుంటే!" అన్నాను.

ఆపాడు.

కండక్టరమ్మ చేయి అందించింది. "చచ్చిపోతవ్ గదనే పిల్లనెత్తుకోని" అని తిట్టింది. ఎవరో జరిగి కాస్త చోటిచ్చారు. ఊపిరి అందక తేజుతో ఏమీ చెప్పలేకపోయాను. బస్సు కదిలింది. అప్పుడు నా చంకలోంచి తేజు కిటికీ చువ్వ మీద చేత్తో టపటపా కొట్టి అన్నది:

"ఆపు!"

ఎవరి పిల్లో అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను.

"ఆపు! ఆపు!"

కండక్టరమ్మ టికెట్లు కొడుతూనే, "ఆపినం గద బిడ్డా, ఇగ పోనియ్యి" అన్నది. బస్సంతా నవ్వింది. తేజు అందరి ముఖాలూ చూసింది. తల వంచుకోలేదు. ఇంకా గట్టిగా కొట్టి, "ఆపూ!" అన్నది. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, ఏదో చేస్తున్నాను.

ముందు సీట్లో ముసలామె చెవి మూసుకుని వెనక్కి తిరిగింది. "అబ్బబ్బ, ఏం గొంతే తల్లీ! ఎవలదే గీ గొంతు?"

"నాదే" అన్నాను.

మేడం ఒక్క మాటకే సంబరపడొద్దన్నది. ఇంకా చాలా పని ఉంది, నెలనెలా రావాలి అన్నది. సరేనన్నాను. ఈసారి రెండోసారి అడిగించుకోలేదు. అత్తమ్మ పొలం నుంచి బురద కాళ్ళతోనే వచ్చి తేజును ఎత్తుకుని, "నన్ను గూడ ఆపవే, ఆపవే" అని వాకిలంతా తిరిగింది. ఎత్తుకుని తిప్పుతుంటే ఆ పిల్ల ఆపు అని ఎందుకంటుంది?

ఇది ఎవరి చేతికైనా దొరికితే నీళ్ళ పొయ్యిలో పెట్టండి, బాగా మండుతుంది. చదివి అత్తమ్మకు మాత్రం చెప్పొద్దు. ఆమెతో అనాల్సినవి నేనే అంటాను.